ఆడకూలి, మగకూలి, లెక్కలోకి రాని కూలి



రాయగడలోగాని, జయపురంలోగాని, సునాబెడలోగాని మనలో ఎవరు ఇల్లు కట్టుకున్నా మేస్త్రి ముందుగా ఒక చీటీ రాసి తెస్తాడు. అందులో సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము అయిన తరువాత కూలీల లెక్క వస్తుంది. మగకూలీకి ఇంత, రేజాకు ఇంత. రేజా అంటే ఆడకూలీ అని ఈ ప్రాంతంలో కాపురమున్న మన చదువరులకు చెప్పనవసరం లేదు. సిమెంటు ధర దగ్గర మనం గట్టిగా బేరమాడుతాము. ఇసుక లారీ నిండుగా వచ్చిందో లేదో చూసుకుంటాము. కాని మగకూలీకి ఒక రేటు, రేజాకు అంతకంటె తక్కువ రేటు ఎందుకని అడిగిన యజమానిని చూడటం చాలా అరుదు. అడిగితే మేస్త్రి ఆశ్చర్యపోతాడు. "అది అంతే కదండీ" అంటాడు.

ఈ "అంతే కదండీ" అన్న మాటను కొంచెం విప్పి చూద్దాము.

మొదట వినిపించే కారణం బలము. మగవాడు బరువులు మోస్తాడు, ఆడది మోయలేదు అంటారు. శ్లాబు వేసే రోజున ఎవరైనా ఒక గంట నిలబడి చూడండి. కాంక్రీటు గమేళాలలోకి పారతో ఎత్తి పోసేవారు ఎక్కువగా మగవారు. ఆ గమేళా నెత్తిన పెట్టుకొని, వాలుగా వేసిన బల్లల మీదుగా పైకి ఎక్కి, కుమ్మరించి, దిగి, మళ్ళీ ఎక్కేది రేజాలు. చీకటి పడేదాకా వారి వరుస తెగదు. బరువు మోయడమే ఎక్కువ కూలికి కారణమైతే ఆ రోజున చీటీలోని అంకెలు తారుమారు కావాలి. ఎక్కడా కావు.

రెండవ కారణం నేర్పు. దీనికీ నిలకడ లేదు. ఊడ్పులలో రోజంతా నడుము వంచి, మోకాటిలోతు బురదలో, ఒకే ఎడంతో నారు నాటడం నేర్పు కాదా? నాగలి మాత్రం నేర్పు గల పని అంటారు, దుక్కి కూలి ఊడ్పుల కూలికంటె ఎక్కువ ఉంటుంది. అయితే ఆడది నాగలి ముట్టరాదన్న కట్టుబాటు ఈ కొండ ప్రాంతంలోనూ ఉన్నది, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలోనూ ఉన్నది. ముందు ఆమెను ఆ పనికి రానివ్వరు, తరువాత ఆ పనికి హెచ్చు కూలి కడతారు. పలాస జీడిపప్పు సంగతి మనలో చాలామందికి తెలుసు. పప్పు విరగకుండా పొట్టు తీస్తేనే గుండు పప్పు ధర పలుకుతుంది, విరిగితే బద్ద పప్పు ధరే. ఆ వ్యాపారంలో లాభమంతా ఆడవారి వేళ్ళ చివరన ఉన్నది. అయినా దానిని "కూర్చొని చేసే పని" అంటారు. లెక్కలు రాసే గుమస్తా కూడా కూర్చొనే పనిచేస్తాడు గదా!

జయపురం దగ్గరి పాత్రపుట్ గ్రామపు కమలా పూజారి పేరు మీరు వినే ఉంటారు. దేశవాళీ వరి విత్తనాలు అనేకము సేకరించి కాపాడినందుకు ఆమెకు 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూలైలో ఆమె కాలం చేసింది. విత్తనం ఏరి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా దాచడం ఈ కొండలలో తరతరాలుగా ఆడవారి పని. దానికి కూలి అనే మాటే లేదు. ఢిల్లీ పిలిచి పతకం ఇచ్చేదాకా అది విద్య అని కూడా ఎవరూ అనలేదు.

కాబట్టి బలమూ కాదు, నేర్పూ కాదు. అసలు కారణం మన ఇళ్ళలో మనం వాడే ఒక సామెతలో ఉన్నదని నా అభిప్రాయం. ఇంట్లో ఆడవారు సంపాదిస్తే "వేడినీళ్ళకు చన్నీళ్ళు" అంటాము. మంచి మాటగానే అంటాము. అంటే అసలు నీళ్ళు మగవానివి, ఆమెవి కలుపుకునే నీళ్ళు. కలుపుకునేదానికి పూర్తి ధర ఎందుకు అనేది మేస్త్రి ఆలోచన. భర్త పోయిన రేజా ఇంట్లో, భర్త తాగి పడివున్న రేజా ఇంట్లో ఆ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు లేవన్నది ఆయన చీటీలో ఎక్కడా కనబడదు. మగకూలీని మాత్రం, నీకు పెళ్ళయిందా, ఎంతమంది పిల్లలు అని అడిగి కూలి కట్టరు. బ్రహ్మచారికైనా మగకూలి మగకూలే.

చట్టం లేక ఇది జరుగుతున్నదా అంటే, ఉన్నది. స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమాన వేతనం ఉండేటట్లు చూడాలని రాజ్యాంగం 39వ అధికరణం ప్రభుత్వాలకు చెప్పింది. 1975 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1976లో సమాన వేతన చట్టము వచ్చాయి. ఒక పెద్ద కంపెనీలో మగ స్టెనోగ్రాఫర్లకంటె తక్కువ జీతం పొందిన ఆడ్రీ డికోస్టా అనే ఆమె ఆ చట్టం పట్టుకొని పోరాడి 1987లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అందులోనూ ఇదే నియమం ఉన్నది. మేస్త్రి చీటీ చట్టవిరుద్ధమై 50 సంవత్సరాలు అయినదన్నమాట.

అయితే చట్టానికి ఒక హద్దు ఉన్నది. ఒకే పని చేసే మగవానిని, ఆడదానిని పక్క పక్కన నిలబెట్టి అది పోలుస్తుంది. ఆ పనిలో మగవాడే లేకపోతే ఎవరితో పోల్చాలి? అంగన్‌వాడీలు 1975 అక్టోబరులో మొదలైనవి. సమాన వేతనపు ఆర్డినెన్సు వచ్చిన కొద్ది రోజులకే. అందులో పనిచేసే స్త్రీకి ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. 2005లో వచ్చిన ఆశా కార్యకర్తలను ఉద్యోగులని గాక స్వచ్ఛంద సేవకులన్నారు. కాన్పుకు ఇంత, టీకాలకు ఇంత అని ప్రోత్సాహకాలు లెక్కగట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలందరికీ కలిపి ఒక పురస్కారం ఇచ్చింది. గౌరవానికి కొదువ లేదు.

బడులలో మధ్యాహ్న భోజనం వండే ఆమె సంగతి మరీ విచిత్రం. 2009లో కేంద్రం ఆమెకు నెలకు 1000 రూపాయలు కట్టింది, అదీ సంవత్సరానికి 10 నెలలకే. తరువాత రాష్ట్రాలు తమ వంతుగా ఎంతో కొంత కలుపుతూ వచ్చాయి. ఆ 10 నెలల లెక్క మాత్రం నాకు గొంతులో ముల్లుగానే ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొంది బడిలో పనిచేసిన వాడిని గనుక చెబుతున్నాను, వేసవి సెలవులలో మాకు జీతం ఆగేది కాదు. పొయ్యి వెలగలేదు గనుక వంట ఆమెకు కూలి లేదట. ఆమె ఇంట్లో పొయ్యికి వేసవి సెలవులు ఉంటాయా? బల్ల దగ్గర నిలబడి అక్షరం చెప్పేవాడిది ఉద్యోగము, అదే పిల్లవానికి అన్నం పెట్టేది సేవ అని విడదీసినది ఎవరు?

రేటు సమానం చేస్తే ఆడవారిని అసలు పనికే పిలవరు అని కొందరు సహోదరులు అంటారు. ఇది తోసివేయదగిన మాట కాదు. దీనికి అనుభవమే జవాబు చెప్పాలి. గ్రామీణ ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరిలో మొదట 200 జిల్లాలలో మొదలైనవి. కొరాపుట్, రాయగడ రెండూ ఆ 200లో ఉన్నాయి. అక్కడ మగవారికీ ఆడవారికీ ఒకటే రేటు పెట్టారు. ఆడవారు మాయమైపోయారా? లేదు. కొన్నేళ్ళకు దేశం మొత్తం మీద ఆ పనిదినాలలో సగానికి పైగా ఆడవారివే అయినవి. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురికి తక్కువ కాకుండా పని దగ్గరకు వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ అదే కూలి ఇవ్వాలని ఆ చట్టంలోనే రాశారు. బిడ్డను చూడటం కూడా మట్టి తవ్వడంతో సమానమైన పని అని మన దేశపు కాగితం మీద రాయడం చిన్న సంగతి కాదు. చాలాచోట్ల అది కాగితం దాటి రాలేదన్నది వేరే దుఃఖము.

ఇటుక బట్టీలకు వెళ్ళేవారి స్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకము. పడమటి ఒడిశా జిల్లాల నుండి తెలంగాణ, ఆంధ్ర బట్టీలకు ఏటా వేలాది కుటుంబాలు వెళ్తాయి. ఇలా దాదన్ పేరిట వలస పోయే కూలీల కోసమే ఒడిశాలో 1975లో ఒక చట్టం, దేశమంతటికీ 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. బట్టీలో కూలి మనిషికి కాదు, వెయ్యి ఇటుకలకు. భార్య, భర్త, ఒక్కోసారి పెద్ద పిల్లవాడు కలిసి ఒక జట్టు. అడ్వాన్సు భర్త చేతికి ఇస్తారు, పేరు భర్తదే రాస్తారు. ఆమె మట్టి పిసుకుతుంది, ఇటుకలు తిప్పి ఎండబెడుతుంది. మధ్యలో లేచి వంట చేస్తుంది, చంటిదానికి పాలిస్తుంది. అక్కడ ఆడకూలి తక్కువ కాదు, ఆడకూలి అనేదే లేదు.

ఇక ఇంటిలోకి వద్దాము. ప్రజలు రోజుకు 24 గంటలు ఎలా గడుపుతున్నారో మన దేశంలో ప్రభుత్వం మొదట పెద్ద ఎత్తున లెక్క తీసినది 1998-99లో, ఆరు రాష్ట్రాలలో. ఒడిశా వాటిలో ఒకటి. తరువాత 2019లో, 2024లో దేశమంతటా తీశారు. ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున వెచ్చించినది 2019లో 299 నిమిషాలు, చేసే పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. "చేసే" అన్న మాట గమనించండి. ఆ రోజున ఇంటిపని ఏదైనా చేసిన పురుషులు నూటికి 26 మందే. మిగిలిన 74 మంది ఈ సగటులోకి కూడా రారు. 2024 నాటికి స్త్రీల నిమిషాలు 289కి తగ్గాయి. సంతోషించే లోపల పక్క వరుస చూస్తే పురుషులవి 88కి తగ్గాయి! ఆమె దించుకున్న ఆ 10 నిమిషాలను అందుకున్నది గ్యాసు పొయ్యో మిక్సీయో కావచ్చు, భర్త మాత్రం కాదు.

మన దేశంలో ఆ ఆర్డినెన్సు వచ్చిన మరుసటి నెలలో, 1975 అక్టోబరు 24న, ఐస్‌లాండు అనే చిన్న దేశంలో నూటికి 90 మంది స్త్రీలు ఒక్క రోజు ఆఫీసు పని, ఇంటి పని రెండూ మానేశారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని ఆఫీసులకు వెళ్ళవలసి వచ్చింది. త్వరగా వండుకోగల మాంసపు సాసేజిలు దుకాణాలలో అయిపోయినవట. ఒక్క రోజుకే అంత గందరగోళము.

మన వలస కుటుంబాలలో ఈ భారం ఇంకా ఎక్కువ. 1936 వరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు రాజధానిలో భాగమే గనుక కొందరి తాతలు ముందే ఇక్కడ ఉన్నారు. కాని ఎక్కువమందిమి మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టుకో, రైల్వేకో, జేకేపూర్ కాగితం మిల్లుకో, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారానికో, దామన్‌జోడికో ఉద్యోగం కోసం వచ్చినవారము. స్వగ్రామంలో అయితే బాలింతకు అత్తో, పిన్నమ్మో, పక్కింటి వదినో తోడుంటారు. ఇక్కడ క్వార్టర్సులో ఒక్క ఇల్లాలే. భర్త షిఫ్టుకు సైరన్ ఉన్నది, ఎనిమిది గంటల తరువాత మళ్ళీ మోగుతుంది. ఆమె షిఫ్టుకు మోగేదేమీ లేదు. జబ్బు ముదిరితే మనవాళ్ళను విశాఖపట్నం తీసుకుపోతాము. ఆసుపత్రిలో మంచం పక్కన చాప పరచుకొని రోజుల తరబడి పడివుండేది ఎవరు? మగవారు వచ్చి డాక్టరుతో మాట్లాడి, మందులు కొనిచ్చి, సాయంత్రం బండికి తిరిగివస్తారు.

నాకు తెలిసిన ఒక సహోదరుడు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి విరమించినవాడు. భార్యకు పక్షవాతం వచ్చింది. కుమార్తెలు దూరాన ఉన్నారు, కోడలు వారం రోజులు ఉండి వెళ్ళింది. ఆయనే పూనుకున్నాడు. పెద్ద యంత్రాన్ని విప్పి బిగించగలడుగాని మంచంలో మనిషిని ఒక పక్క నుండి మరో పక్కకు తిప్పడం తెలియదు. ఒక నర్సు వచ్చి నేర్పింది. పాత అలవాటు చొప్పున ఆయన ఒక పుస్తకం పెట్టాడు. రాత్రి 11కు నీళ్ళు, ఒంటి గంటకు పక్క తిప్పుట, 3కు గుడ్డ మార్చుట, 5కు గంజి కాచుట. ఒక నెల గడిచాక కూడితే రోజుకు 14 గంటలు వచ్చింది. "మాస్టారూ, ఓవర్‌టైము కట్టుకుంటే నా పెన్షను చాలదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తరువాత కాసేపు ఊరుకొని, "మా అమ్మ మంచాన పడినప్పుడు మూడేళ్ళు ఇది ఒక్కతే చేసింది. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది గదా అనుకున్నాను" అన్నాడు.

మరొక ఇంట్లో ఒక సహోదరి ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. అత్తగారి కోసం ఉద్యోగం మానింది. బావగారు, మరిది నెలనెలా డబ్బు పంపుతారు. తల్లికి ఇంత ఖర్చు పెడుతున్నామని నలుగురిలో చెప్పుకుంటారు, చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆమె వదులుకున్న జీతం మాత్రం ఎవరి ఖర్చులోనూ రాయరు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. తల్లి బిడ్డకు చేసేది, భార్య భర్తకు చేసేది ప్రేమ గదా, ప్రేమకు వెల కట్టవచ్చునా? వినడానికి చాలా ఉన్నతమైన మాట. కాని ఈ మాట ఎవరు చెబుతున్నారో చూడండి. ఎక్కువగా ఆ సేవను ఉచితంగా అందుకునేవారే చెబుతారు. పాస్టరుగారు మందను ప్రేమిస్తారు, ఉపాధ్యాయుడు పిల్లలను ప్రేమిస్తాడు, మిషను ఆసుపత్రి నర్సమ్మ రోగులను ప్రేమించింది. జీతం తీసుకున్నందున వారి ప్రేమ ఎక్కడైనా తరిగినదా? పాస్టరుగారి జీతం విషయం కమిటీలో వచ్చినప్పుడు, ప్రార్థనకు వెల కట్టరాదు గనుక జీతం వద్దని ఎవరూ తీర్మానం పెట్టరు.

నిజానికి వెల కట్టవచ్చునని న్యాయస్థానాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి, కాని ఎక్కువగా ఒక సందర్భంలో. ఆమె చనిపోయాక. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో గృహిణి సేవల విలువను నెలకు 3000 రూపాయలుగా కట్టింది. 2001 జనాభా లెక్కలలో ఇంటిపని చేసే స్త్రీలను పనిచేయనివారిగా భిక్షగాళ్ళు, ఖైదీల సరసన చేర్చడాన్ని 2010లో అదే కోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ మరొక ప్రమాదం కేసులో విడిగా రాసిన తీర్పులో, నేను పైన చెప్పిన 2019 నాటి నిమిషాల లెక్కను ఎత్తి చూపి, గృహిణికి ఊహాదాయం కట్టడం ఆమె పనికి గుర్తింపు అన్నారు. మంచిదే. అయితే ఆ డబ్బు ఆమె చేతికి వచ్చేది కాదు. బతికివుండగా లెక్కకు రానిది పోయాక లెక్కకు వస్తున్నదంటే ఆ విలువ మొదటి నుండి ఉన్నదనే గదా అర్థం!

అలాగైతే భర్త భార్యకు జీతం ఇవ్వాలా అని ఎగతాళి చేసేవారున్నారు. నా మట్టుకు అది సరియైన దారి కాదు. ఒకరు యజమాని, ఒకరు పనిమనిషి అయితే అది కాపురం కాదు. ప్రభుత్వాలు కొంత డబ్బు ఇస్తున్నాయి. తమిళనాడు 2023లో మొదలుపెట్టినదానికి హక్కు సొమ్ము అని అర్థం వచ్చే పేరు పెట్టింది. మన ఒడిశాలో 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం సంవత్సరానికి 10,000 రూపాయలు ఇస్తున్నది. పుచ్చుకోవలసిందే. కాని డబ్బు వచ్చినందున రాత్రి 3 గంటలకు లేచే మనిషి మారలేదు. మారవలసినది డబ్బుకంటె చేతులు. కొడుకుకు అన్నం వార్చడం, చంటిపిల్లను ఎత్తుకోవడం, ముసలివారి పక్క తిప్పడం నేర్పని ఇంట్లో కూతురికి ఎంత చదువు చెప్పించినా సగం చదువు పొయ్యి దగ్గర ఆగిపోతుంది.

లేవీయకాండములో మ్రొక్కుబడి కోసం పురుషునికి 50 తులములు, స్త్రీకి 30 తులములు వెల నిర్ణయించలేదా అని ఒక సహోదరుడు నన్ను అడిగారు. అది మ్రొక్కుబడి వెల, కూలి రేటు కాదు. అక్కడే, ఇచ్చుకోలేని బీదవాని స్థితి చూసి యాజకుడు వెల తగ్గించవలెనని కూడా ఉన్నది. ఆ 30ని మాత్రం పట్టుకొని మిగిలినది వదలడం న్యాయం కాదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము. ఆది సంఘంలో విధవరాండ్రకు అనుదినము పెట్టే భోజనం విషయంలో గొడవ వచ్చింది. వారు ఏమి చేశారు? వంటా వడ్డనా స్త్రీల పని గదా అని నలుగురు సహోదరీలను పిలిచి అప్పగించలేదు. మంచిపేరు గల ఏడుగురు పురుషులను ఏర్పరచి, వారి మీద చేతులుంచి ప్రార్థన చేసి, ఆ పని అప్పగించారు. వారిలో స్తెఫను ఒకడు. మన సంఘాలలో డీకన్ అనే పదవి ఆ భోజనపు వరుసల నుండే వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పదవికి పోటీపడే మనం ఆ పంక్తి ఎత్తే పని మాత్రం స్త్రీల సమాజానికి వదిలేశాము.

రాబోయే కన్వెన్షన్‌కు భోజనాల ఏర్పాట్ల పట్టిక తయారవుతున్నది. వంటకు, కూరలు తరగడానికి, చంటిపిల్లల గదికి స్త్రీల సమాజం వారు ఎప్పటివలె ముందే పేర్లిచ్చారు. వడ్డనకు, రెండు పూటలా గిన్నెలు తోమడానికి, కూటం జరిగే వేళ చంటిపిల్లలను చూడటానికి రెండవ వరుస ఈసారి పురుషుల కోసం ఖాళీగా ఉంచారు. డీకన్లు, యౌవనస్థులు తమ పేర్లను ఆదివారపు ఆరాధన తరువాత కార్యదర్శిగారి వద్ద రాయించవలెను.